ఒంగోలులో నా పాత కంప్యూటర్‌కి చేయించిన సర్వీసింగ్: ఏం చేశారు, ఎంతయింది

మాది చీమకుర్తి. ఇంట్లో కూర్చునే రెండు గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ల లెక్కలు ట్యాలీలో (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) రాస్తాను, వాళ్ల జీఎస్టీ రిటర్నులు కూడా నేనే వేస్తాను. 2016లో కొన్న ఐ3 కంప్యూటర్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. ఏడాది నుంచి ఎలా తయారైందంటే, స్విచ్ వేసి వెళ్లి టీ పెట్టుకుని, అది పొంగాక వడకట్టుకుని వచ్చి కూర్చున్నా స్క్రీన్ మీద ఆ సున్నా తిరుగుతూనే ఉండేది. 20వ తేదీ 3బీకి (నెలనెలా వేసే జీఎస్టీ రిటర్ను) ఆఖరు రోజు, ఆ ముందు రెండు రోజులూ నాకు పడే టెన్షన్ అంతా ఇంతా కాదు.

మొదట ఒక షాపులో చూపించాను. మూత కూడా విప్పకుండా "దీని పని అయిపోయింది మేడం, కొత్తది తీసుకోండి, ముప్పై అయిదు వేలలో వచ్చేస్తుంది" అన్నారు. మా ఆయన సరే అనబోయారు గానీ నాకు మనసొప్పలేదు. తర్వాత యూనిట్‌లో సూపర్‌వైజర్ చెప్తే కర్నూలు రోడ్డు పక్క సందులో ఉన్న ఒక చిన్న కొట్టుకి పట్టుకెళ్లాను. ఒక్క కుర్రాడే చూసుకుంటాడు, ఇప్పటికే చేతినిండా పని ఉంది, పేరు పెట్టొద్దక్కా అన్నాడు కాబట్టి పేరు రాయడం లేదు, చేసిన పని మాత్రం పూర్తిగా రాస్తాను.

ముందు స్క్రూడ్రైవర్ ముట్టుకోలేదు. కంప్యూటర్ ఆన్ చేసి కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి, ఏ భాగం ఎంత పనిలో ఉందో చూపించే టాస్క్ మేనేజర్ తెరిచాడు. డిస్క్ దగ్గర 100 శాతం అని ఉంది, ఎంతసేపటికీ దిగదు, సీపీయూ, అంటే ప్రాసెసర్ చూస్తే 20 శాతం లోపే. "చూడక్కా, ప్రాసెసర్ ఖాళీగానే ఉంది, డిస్క్ నుంచి సరుకు రాక ఎదురుచూస్తా ఉంది" అన్నాడు. ఏడాదిగా నేను పడ్డ బాధకి కారణం ఆ ఒక్క మాటలో అర్థమైంది.

అక్కడే స్టార్టప్ అని ఇంకో పేజీ ఉంది. ఆన్ చేయగానే వాటంతట అవే మొదలయ్యేవి పదిహేడు! ఎప్పుడో పారేసిన ప్రింటర్‌ది ఒకటి, రెండు యాంటీవైరస్‌లు (అందులో ఒకటి ట్రయల్ అయిపోయినది, రెండూ ఒకే ఫైలుని పోటీపడి వెతుకుతుంటాయట), పైగా స్పీడ్ పెంచుతుందని నేనే ఎక్కించుకున్న సాఫ్ట్‌వేర్ ఒకటి. అవసరం లేనివి డిసేబుల్ చేశాడు, కొన్ని పూర్తిగా తీసేశాడు. సీ డ్రైవ్‌లో 3 జీబీ కూడా ఖాళీ లేదు, టెంపరరీ ఫైళ్లు, రీసైకిల్ బిన్ ఖాళీ చేస్తే 30 జీబీ పైన వచ్చింది. ఇంతవరకూ పైసా ఖర్చు లేదు, ఇదంతా ఇంట్లో ఎవరికివాళ్లు చేసుకోవచ్చని అతనే చెప్పాడు, మళ్లీ నా చేత ఒకసారి చేయించి చూపించుకున్నాడు కూడా. డబ్బులు రాని పనిని ఇంత ఓపిగ్గా నేర్పే మెకానిక్‌ని నేనైతే చూడలేదు.

ఆ తర్వాత మూత విప్పాడు. మా ఊళ్లో ఎగిరేది మామూలు మట్టి కాదు, రాయి కోసిన పొడి, చెమ్మ తగిలితే అట్టకట్టేస్తుంది. ప్రాసెసర్ మీద ఫ్యాన్ కింద ఉండే అల్యూమినియం రేకుల మధ్య సందే కనపడలేదు, అంతా తెల్లగా పూడుకుపోయి ఉంది. "ఇంత దుమ్ముంటే గాలి ఎట్టా ఆడిద్దక్కా?" అన్నాడు. బాగా వేడెక్కితే ప్రాసెసర్ కాలిపోకుండా తనంతట తానే వేగం తగ్గించుకుంటుందట. వీధి వైపు తీసుకెళ్లి బ్లోయర్ కొట్టాడు, కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కల మధ్య పెన్సిల్ అడ్డం పెట్టాడు, ఆ గాలికి ఫ్యాన్ విపరీతంగా తిరిగితే లోపలి బేరింగ్ పోతుందని. ఇంట్లో బ్లోయర్ వాడేవాళ్లు ఇది గుర్తుంచుకోండి, ప్లగ్గు తీసేశాకే చేయండి. ఫ్యాన్ విప్పితే ప్రాసెసర్ వేడిని ఆ రేకులకి అందించే పాత థర్మల్ పేస్ట్ ఎండిపోయి పెచ్చులుగా రాలింది. అది తుడిచేసి కొత్తది బఠాణీ గింజంత పెట్టి బిగించాడు. ర్యామ్ తీసి దాని బంగారు రంగు పళ్లని పిల్లలు వాడే రబ్బరుతో రుద్ది మళ్లీ పెట్టాడు.

ఇంకో సంగతి. నా కంప్యూటర్‌లో తేదీ మాటిమాటికీ వెనక్కి పోయేది, అప్పుడు జీఎస్టీ సైటు తెరిస్తే కనెక్షన్ సురక్షితం కాదని వచ్చేది, నేనేమో నెట్ వాళ్లతో గొడవపడేదాన్ని. మదర్‌బోర్డు మీద కరెంటు లేనప్పుడు కూడా తేదీ, టైము నిలిపి ఉంచే బిళ్ల లాంటి సీఆర్2032 బ్యాటరీ అయిపోయింది, అంతే. అది మార్చాక ఇప్పటిదాకా ఆ సమస్య రాలేదు.

ఆ బ్యాటరీ కాక కొనిపించింది ఒక్కటే, పాత హార్డ్ డిస్క్ కన్నా చాలా వేగంగా పనిచేసే 256 జీబీ ఎస్ఎస్‌డీ. పాత డిస్క్‌లో ఉన్నది ఉన్నట్టు దాంట్లోకి కాపీ చేసి, విండోస్ దాన్నుంచి నడిచేలా పెట్టి, పాతదాన్ని బ్యాకప్ కోసం లోపలే ఉంచాడు. ర్యామ్ కూడా పెంచమని నేనే అడిగితే, నెల రోజులు ఇలా వాడి చూడండి, అప్పటికీ చాలకపోతే వేద్దాం అన్నాడు. ఇప్పుడు స్విచ్ వేసిన అర నిమిషంలోపే తెరుచుకుంటోంది, ట్యాలీ, బ్రౌజర్ రెండూ పెట్టుకున్నా ఆగడం లేదు. ఎస్ఎస్‌డీకి 2,100, పనికి 500, బ్యాటరీకి 40, మొత్తం 2,640.

విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో సపోర్ట్ అయిపోయిందని, నా ప్రాసెసర్ విండోస్ 11కి సరిపోదని కూడా దాచకుండా చెప్పి, 2026 అక్టోబరు 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వచ్చేలా నమోదు చేసిచ్చాడు. ఆ తర్వాత సంగతి అప్పుడు చూసుకోవాల్సిందే.

బాగాలేనివీ ఉన్నాయి. రేపు ఇస్తానన్నది మూడో రోజుకి ఇచ్చాడు, ఫోన్ చేస్తే ఎత్తడు, నేను బస్సులో ఒకసారి ఊరికే వెళ్లి వచ్చాను. బిల్లు అడిగితేనే రాశాడు, ఎస్ఎస్‌డీ వారంటీకి అది కావాలి కాబట్టి గట్టిగా అడిగి తీసుకోండి.

వెళ్లేవాళ్లు పదకొండు దాటాక వెళ్లండి, అంతకుముందు తీయడు. మానిటర్, కీబోర్డు మోసుకెళ్లక్కర్లేదు, సీపీయూ డబ్బా ఒక్కటి చాలు. ట్యాలీ డేటా పెన్‌డ్రైవ్‌లోకి తీసుకున్నాకే నేను అతని చేతికిచ్చాను, మీరూ అలాగే ఇవ్వండి.