సొంతంగా బిగించుకున్న కారు స్టీరియో: నాలుగున్నరేళ్ళ వాడకంలో తేలిన సంగతులు

2021 సంక్రాంతి సెలవుల్లో, విజయవాడలో మా ఇంటి ముందున్న వేపచెట్టు నీడన కారు నిలబెట్టి, డ్యాష్‌బోర్డు పలక ఊడదీసి, కొత్త స్టీరియోను నా చేతులతో నేనే బిగించుకున్నాను. కారు 2012 నాటి చిన్న హ్యాచ్‌బ్యాక్. అందులో మొదటినుంచీ ఉన్న సెట్టుకు ఫోను కలిపే వీలు లేదు, సీడీ ఆడటం కూడా ఎప్పుడో ఆగిపోయింది. కొత్తది బ్లూటూత్, యూఎస్‌బీ, ఎఫ్‌ఎం, మీడియం వేవ్ ఉన్న సింగిల్ డిన్ (ఒకే వరస ఎత్తుండే, సన్నని కొలత) సెట్టు. రోజూ ఆటోనగర్‌కు ఉద్యోగానికీ, నెలకు రెండుసార్లు గుంటూరులో ఉన్న అక్కయ్య ఇంటికీ వెళ్ళి వస్తూ దీన్ని నాలుగున్నరేళ్ళుగా వాడుతున్నాను. ఈ సమీక్షలో సెట్టు గురించి కొంతే ఉంటుంది, దాన్ని బిగించిన తీరు గురించే ఎక్కువ ఉంటుంది. ఇన్నేళ్ళలో వచ్చిన ఇబ్బందుల్లో ఒక్కటి కూడా సెట్టు లోపల పుట్టలేదు; అన్నీ తీగల అతుకుల దగ్గర పుట్టినవే.

ముందుగా నేను ఒక దుకాణంలో అడిగాను. అక్కడివారు కారుతో వచ్చిన సాకెట్టును కత్తిరించి, తీగలను నేరుగా మెలిపెట్టి టేపు చుడతామన్నారు. నాకు అది నచ్చలేదు. ఆ సాకెట్టు ఒకసారి తెగితే, రేపు సెట్టు మార్చాలన్నా, కారు అమ్మేటప్పుడు పాతది తిరిగి పెట్టాలన్నా, ఏ తీగ ఏమిటో మళ్ళీ మొదటినుంచి వెతుక్కోవలసిందే. అందుకని తీగలు కత్తిరించకుండా మా కారు సాకెట్టులో గుచ్చుకునే కప్లర్ (జత ప్లగ్గు) ఒకటి, ఆరు వందలు పెట్టి ఒక డిజిటల్ మల్టీమీటరు, ఇరవై అడుగుల తీగ, పది ఆంపియర్ల ఫ్యూజులు నాలుగు కొనుక్కున్నాను. ఈ మొత్తం ఖర్చులో మీటరుకు పెట్టిన డబ్బే నాకు ఎక్కువసార్లు అక్కరకు వచ్చింది.

సెట్టు గురించి చెప్పవలసింది చెప్పి ముందుకు వెళతాను. పెట్టె మీద నాలుగు స్పీకర్లకు ఒక్కొక్కదానికి 50 వాట్లు అని అచ్చు వేసి ఉంది. సెట్టు వెనక ఉన్న ఫ్యూజు మాత్రం 10 ఆంపియర్లది. ఇంజను నడుస్తున్నప్పుడు ఆల్టర్నేటరు (ఇంజనుతో పాటు తిరిగి కరెంటు పుట్టించే యంత్రం) ఇచ్చే 14.4 వోల్టులను 10తో గుణిస్తే 144 వాట్లు వస్తాయి, కాబట్టి స్పీకర్లకు నిలకడగా 200 వాట్లు ఇవ్వడం దానికి సాధ్యం కాదు. 4 ఓముల స్పీకరుకు నిజంగా అందేది ఒక్కోదానికి ఇంచుమించు 20 వాట్లు. చిన్న కారుకు ఆ 20 వాట్లు చాలు; బెంజి సర్కిల్ రద్దీలో అద్దాలు దించి ఉన్నా పాటలో మాటలు స్పష్టంగా వినిపిస్తాయి. అంకెలు చూసి ఎక్కువ ధర పెట్టి కొనేవారి కోసం ఈ లెక్క రాశాను.

మొదటిరోజు సాయంత్రమే మొదటి సమస్య ఎదురైంది. తాళం తీసి మళ్ళీ పెడితే గడియారం సున్నాకు పోతోంది, నేను దాచుకున్న స్టేషన్లు ఏవీ ఉండటం లేదు. సెట్టుకు రెండు కరెంటు తీగలు ఉంటాయి. పసుపు తీగకు బ్యాటరీ నుంచి ఎప్పుడూ 12 వోల్టులు అందాలి, జ్ఞాపకం దాని మీదే నిలుస్తుంది. ఎర్ర తీగకు తాళం తిప్పినప్పుడు మాత్రమే అందాలి. నేను కప్లర్ మీద ఉన్న రంగును సెట్టు తీగ రంగుతో జతచేసి, పసుపుకు పసుపు, ఎరుపుకు ఎరుపు కలిపేశాను. కప్లర్ తయారుచేసినవారి రంగులు, కారు కంపెనీవారి రంగులు, సెట్టు రంగులు ఒకే పద్ధతిలో ఉంటాయన్న భరోసా ఎక్కడా లేదన్న సంగతి అప్పటికి నాకు తెలియదు. మరునాడు ఆటోనగర్‌లో చాలాకాలంగా కార్ల కరెంటు పనిచేసే ఒక పెద్దాయనను అడిగితే, చేతిలో పని ఆపకుండానే, "అబ్బాయ్, రంగులు చూసి కలపకు, మీటరు పెట్టి కలుపు" అన్నారు. ఇంటికి వచ్చి తాళం తీసేసి మీటరు పెట్టి చూస్తే పసుపులో సున్నా, ఎరుపులో 12.6 వోల్టులు కనిపించాయి. ఆ రెండింటినీ మార్చి కలిపాక గడియారం మళ్ళీ తప్పలేదు. అరగంట పని అది, కానీ ఆ పెద్దాయన మాట తర్వాత ప్రతి అతుకు దగ్గరా గుర్తుకువచ్చింది.

రెండో సమస్య కరోనా రెండో ఉధృతిలో బయటపడింది. 2021 మే 5 నుంచి మన రాష్ట్రంలో మధ్యాహ్నం 12 తర్వాత కర్ఫ్యూ పెట్టారు. మేము కారు తీయడమే మానేశాము. వారం తర్వాత అమ్మకు మందులు తేవడానికి తాళం తిప్పితే ఇంజనులో టక్ టక్ అన్న చప్పుడు తప్ప మరేమీ లేదు. బ్యాటరీ పూర్తిగా దిగిపోయింది. ఇలాంటప్పుడు చాలామంది కొత్త స్టీరియోనే తప్పుబట్టి దాన్ని పీకేయిస్తారు. నేను బ్యాటరీని చార్జి చేయించాక, దాని మైనస్ టెర్మినల్ విప్పి, మీటరును ఆంపియర్ల మీద పెట్టి, ఆ తీగకూ టెర్మినల్‌కూ మధ్య కలిపాను. మీటరు ఇలా ఉండగా ఇంజను స్టార్టు చేయకూడదు, చేస్తే మీటరు కాలిపోతుంది. తలుపులు మూసి, కారులోని పరికరాలన్నీ పడుకునేందుకు ఇరవై నిమిషాలు ఆగి చూస్తే 0.25 ఆంపియర్లు పోతున్నాయి. ఆరోగ్యంగా ఉన్న చిన్న కారులో అది 0.05 దాటకూడదు. లెక్క కడితే రోజుకు 6 ఆంపియర్ అవర్లు. మాది 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ, ఆరో రోజుకు ఏమీ మిగలదు.

ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ మీటరు చూశాను. స్టీరియో ఫ్యూజు తీయగానే అంకె పడిపోయింది. అయినా దోషం స్టీరియోది కాదు. ఫిబ్రవరిలో నేనే కొన్న డ్యాష్‌క్యామ్ (ముందున్న రోడ్డును రికార్డు చేసే చిన్న కెమెరా) తీగను, దగ్గరగా ఉందన్న ఒక్క సౌకర్యం చూసి, స్టీరియో పసుపు తీగకు కలిపాను. కారు ఆగి ఉన్నా అది రాత్రింబగళ్ళు పనిచేస్తూనే ఉంది. దాన్ని ఎర్ర తీగకు మార్చాక కారు నిలిచి ఉన్నప్పుడు పోయే కరెంటు 0.03 ఆంపియర్లకు వచ్చింది. ఆ తర్వాత బ్యాటరీ అలా దిగిపోవడం మళ్ళీ జరగలేదు.

అన్నిటికంటే ఎక్కువ రోజులు నన్ను తిప్పలు పెట్టింది ఈల చప్పుడు. 2022 చివర్లో సీటు కింద చిన్న యాంప్లిఫయర్ ఒకటి పెట్టాను. పాటకూ పాటకూ మధ్య నిశ్శబ్దంలో సన్నని ఈల వినిపించేది. ఆక్సిలరేటరు నొక్కితే దాని స్వరం పైకి పోయేది, వదిలితే కిందికి దిగేది. ప్రకాశం బ్యారేజీ మీద వాహనాలు నత్తనడక నడుస్తున్నప్పుడు అది చెవిలో దోమలా ఉండేది. ఇంజను వేగంతో పాటు స్వరం మారితే అది ఆల్టర్నేటరు చప్పుడేనని, అది చాలాసార్లు ఎర్త్ (కరెంటు కారు బాడీ గుండా బ్యాటరీ మైనస్‌కు తిరిగి వెళ్ళే అతుకు) సరిగా లేని చోటునుంచి లోపలికి వస్తుందని తర్వాత అర్థమైంది. అప్పటికే ఎవరో చెప్పగా ఇలాంటి చప్పుడును అడ్డుకునే ఫిల్టరు ఒకటి కొని పెట్టాను. దానితో ఈల కొంచెం తగ్గింది, పోలేదు. జబ్బు ఒకచోట ఉంటే మందు మరోచోట రాసినట్టయింది.

అప్పుడు క్రమంగా వెతికాను. యాంప్లిఫయర్‌కు వచ్చే సిగ్నలు తీగలు పీకేస్తే ఈల ఆగింది. అంటే యాంప్లిఫయర్ తనంతట తాను చప్పుడు చేయడం లేదు. పవరు తీగా, సిగ్నలు తీగా రెండింటినీ కారు ఎడమపక్క కలిపి వేసిన మాట నిజమే కనుక సిగ్నలు తీగను కుడిపక్కకు మార్చాను, కొంత మెరుగయింది. అసలు కారణం ఎర్త్ బోల్టు దగ్గర దొరికింది. ఇంజను నడుస్తుండగా, పాట గట్టిగా పెట్టి, మీటరు ఒక కొసను యాంప్లిఫయర్ ఎర్త్ టెర్మినల్‌కూ, రెండో కొసను పొడవాటి తీగతో బ్యాటరీ మైనస్‌కూ తాకిస్తే 0.3 వోల్టులు చూపింది. ఎర్త్ బాగుంటే అక్కడ దాదాపు సున్నా ఉండాలి. ఓముల కొలతలో ఇంతకుముందు ఆ అతుకు మంచిదిగానే కనిపించింది. కరెంటు పారుతున్నప్పుడు కొలిస్తేనే దాని బలహీనత తెలిసింది. బోల్టు విప్పి చూస్తే లగ్గు (తీగ కొసన ఉండే లోహపు ఉంగరం) కింద తెల్లటి పెయింటు చెక్కు చెదరకుండా ఉంది, మరలు తిరిగిన చోట మాత్రమే సన్నని గీతగా లోహం మెరుస్తోంది. ఇన్నాళ్ళూ యాంప్లిఫయర్ కరెంటంతా ఆ గీత గుండానే తిరిగి వెళుతోంది. రూపాయి బిళ్ళంత మేర ఉప్పుకాగితంతో పెయింటు గీకి, లగ్గు బిగించి, పైన గ్రీజు పూశాను. కొలత 0.03కు వచ్చింది, ఈల పోయింది. ఫిల్టరు తీసి పక్కన పడేశాను.

ఈ పరీక్షకు మా నాన్నగారి అలవాటు కూడా తోడ్పడింది. ఆయనకు 837 కిలోహెర్ట్జ్ మీద ఆకాశవాణి విజయవాడ కేంద్రం వినడం ఇష్టం. ఎఫ్‌ఎంలో, బ్లూటూత్‌లో తెలియని చిన్న విద్యుత్తు రొద కూడా మీడియం వేవ్‌లో గరగరమంటూ బయటపడుతుంది. ఏ అతుకు చేసినా ఇంజను ఆన్ చేసి ముందు 837 పెట్టి వినడం నాకు అలవాటయింది. ఎఫ్‌ఎంకు వేరే చిక్కు ఉండేది: మంగళగిరి దాటితే స్టేషన్లు పలచబడేవి. మా కారు పైకప్పు యాంటెన్నా అడుగున సిగ్నలును పెంచే చిన్న బూస్టరు ఉంది, దానికి సెట్టు నుంచి వచ్చే నీలం తీగ కరెంటు ఇవ్వాలి. అక్కరలేదనుకుని నేను ఆ తీగకు టేపు చుట్టి వదిలేశాను. కలిపాక గుంటూరు దాకా స్టేషన్లు నిలిచాయి.

టేపు సంగతి మన ఊరివారికి ప్రత్యేకంగా చెప్పాలి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. అద్దాలు మూసి ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు వెనక ఆ వేడి ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. 2023 వేసవిలో గుంటల రోడ్డు మీద కుడి స్పీకరు ఆగి ఆగి పలికేది, ఒక్కోసారి సెట్టు తెరమీద ప్రొటెక్ట్ అని చూపి మొత్తం ఆగిపోయేది. డ్యాష్‌బోర్డు విప్పితే, నేను చుట్టిన నల్లటేపు జారి కొసకు వచ్చేసింది, దాని జిగురు కరిగి బెల్లం పాకంలా వేళ్ళకు అంటుకుంది. బయటపడ్డ బూడిదరంగు తీగ కొస పక్కదానికి తగులుతోంది. ఆ రోజు అన్ని అతుకులూ విప్పి, గొట్టం లాంటి కనెక్టరులో పెట్టి క్రింపింగ్ ప్లయరుతో నొక్కి, పైన హీట్ ష్రింక్ స్లీవు (వేడి చేస్తే ముడుచుకుని పట్టేసే గొట్టం) వేసి, కట్టగా కలిపి గుడ్డటేపు చుట్టాను. తర్వాత రెండు వేసవులు గడిచాయి, ఒక్క అతుకు కదలలేదు.

అప్పుడే ఇంకొక సంగతి తెలిసింది. స్పీకరు మైనస్ తీగను కారు బాడీకి తగిలిస్తే చాలునని కొందరు అంటారు. ఈ సెట్లలో అలా చేయకూడదు. సెట్టు ఆన్‌లో ఉండగా మీటరు పెట్టి చూడండి, ప్లస్, మైనస్ అన్న రెండు తీగల్లోనూ బాడీతో పోలిస్తే సుమారు 6 వోల్టులు ఉంటాయి. మైనస్ అన్నది అక్కడ ఎర్త్ కాదు. దాన్ని బాడీకి తాకిస్తే సెట్టు తనను తాను ఆపుకుంటుంది, ఆపుకోలేకపోతే లోపలి చిప్పు పోతుంది. అదే రోజు, తీగలు సెట్టు నుంచి విడిగా ఉన్నప్పుడు, గోడగడియారపు 1.5 వోల్టుల సెల్లును ఒక్క క్షణం ప్రతి స్పీకరు తీగలకూ తాకించి చూశాను. మూడు స్పీకర్ల కాగితం ముందుకు కదిలింది, ఎడమ ముందుది వెనక్కి పోయింది. రెండున్నరేళ్ళుగా అది తలకిందులుగా కలిసి ఉందన్నమాట. దాన్ని సరిచేశాక, అంతవరకు పలుచగా వినిపించిన మృదంగం ఎడమ తలలోని గంభీరమైన నాదం మొదటిసారి నిండుగా వినిపించింది. కొత్త స్పీకర్లు కొనాలనుకున్నవాణ్ణి ఆ ఆలోచన మానుకున్నాను.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు మా వీధిలోకి వచ్చిన నీరు కారు గడప దాటి కార్పెట్ తడిసేదాకా చేరింది. యాంప్లిఫయర్‌ను చెక్కపలక మీద ఎత్తుగా బిగించడం వల్ల అది దక్కింది. కార్పెట్ ఎండబెట్టి అంతా బాగుందనుకున్నాము. సంక్రాంతి ముందు ఈల మళ్ళీ మొదలయింది. ఈసారి వెతకనక్కర లేకపోయింది. ప్రతి కొలతనూ తేదీతో ఒక అట్టముక్క మీద రాసి గ్లవ్ బాక్సులో ఉంచాను, యాంప్లిఫయర్ ఎర్త్ దగ్గర 0.03 వోల్టులని రాసి ఉన్న చోట ఇప్పుడు 0.4 వచ్చింది. లగ్గు కింద ఎర్రటి తుప్పు పొర కట్టింది. గీకి, కొత్త లగ్గు వేసి, ఈసారి గ్రీజు దట్టంగా పూశాను. పదిహేను నిమిషాల్లో పని అయిపోయింది.

ఇక సెట్టు ప్రస్తుత స్థితి చూస్తే, బ్లూటూత్ తాళం తిప్పిన కొన్ని క్షణాల్లో కలుస్తోంది, యూఎస్‌బీ గట్టిగానే పట్టి ఉంది. వాల్యూమ్ బిరడా మీది రబ్బరు ఎండకు జిగటగా మారింది. ఫోను మాట్లాడే మైకు జాతీయ రహదారి మీద గాలిచప్పుడులో అవతలివారికి సరిగా వినిపించడం లేదు. దాన్ని సన్‌వైజరు దగ్గరికి మార్చాలి. ఎడమ ముందు స్పీకరు అంచు ఎండకు పగుళ్ళు తీసింది, వచ్చే వేసవిలోపు దాన్ని మార్చాలనుకుంటున్నాను. కొత్తది పెట్టేటప్పుడు, తీగలు కలపడానికి ముందు ఆ 1.5 వోల్టుల సెల్లు తాకించి చూస్తాను.