బూట్ స్క్రీన్‌కి (కంప్యూటర్ ఆన్ చేశాక లాగిన్ దాకా కనిపించే తెర) బొమ్మలు ఉంటే మేలా, లేకుంటే మేలా?

అందం ఒక్కటే చూస్తే నా ఓటు పాతవాటికే. విండోస్ 95లో నీలాకాశం, మబ్బులు, మధ్యలో లోగో, అడుగున జారుతూ పోయే పట్టీ. సి డ్రైవ్‌లో 320 బై 400 కొలతలో 256 రంగుల బొమ్మని లోగో.సిస్ అనే పేరుతో పెడితే ఆ మబ్బులు పోయి మన బొమ్మే వచ్చేది. సిస్టమ్ లేవడానికి నిమిషం పైనే పట్టే రోజులు కాబట్టి చూడ్డానికి ఏదో ఒకటి ఉండటం హాయిగా ఉండేది. 2009లో వచ్చిన విండోస్ 7లో నాలుగు రంగుల వెలుగులు తేలుతూ వచ్చి లోగోగా కలిసిపోతాయి చూడండి, అంతకంటే అందమైన బూట్ స్క్రీన్ నేను చూడలేదు. దానికి ముందు విస్టాలో లోగో కూడా లేదు, నల్లటి తెర మీద ఆకుపచ్చ పట్టీ, అంతే.

కానీ ఇప్పుడు ఎస్‌ఎస్‌డీ (పాత హార్డ్ డిస్క్ కంటే చాలా వేగమైన డిస్క్) ఉంటే పది పదిహేను సెకన్లలో లాగిన్ దాకా వచ్చేస్తున్నాం. అంతలోపు పెద్ద యానిమేషన్ చూసేదెవరు? విండోస్ 8తో వచ్చిన లోగో, గుండ్రంగా తిరిగే చుక్కలు చాలు.

నాకు నచ్చనిదల్లా ఆ చుక్కలు ఏమీ చెప్పకపోవడం. అవి తిరుగుతున్నంత మాత్రాన లోపల పని సాగుతోందని నమ్మలేం. నా పాత లాప్‌టాప్‌లో విండోస్ బదులు లినక్స్ ఉంది. ఒకరోజు నుంచి లోగో దగ్గరే ఆగిపోవడం మొదలైంది, హార్డ్ డిస్క్ పోయిందేమోనని ఒకటే టెన్షన్. ఎస్కేప్ నొక్కితే లోగో తొలగి తెల్ల అక్షరాల వరసలు కనిపించాయి, చివరి వరసలో ఫలానా డిస్క్ కోసం చూస్తున్నానని రాసి పక్కనే 1 నిమిషం 30 సెకన్ల లెక్క నడుస్తోంది. నేను తీసేసిన రెండో డిస్క్ అది, లేచేటప్పుడు ఏ డిస్కులు కలుపుకోవాలో రాసి ఉండే ఎఫ్‌స్టాబ్ ఫైల్‌లో దాని లైన్ అలాగే ఉండిపోయింది. ఆ లైన్ తీసేశాక మామూలుగానే లేచింది.

అందుకే నా లెక్కలో మేలైనది 2008లో ఫెడోరా 10 అనే లినక్స్‌తో వచ్చిన, బూట్ స్క్రీన్ చూపించే ప్లిమత్ అనే ప్రోగ్రామ్ పద్ధతి: పైకి సాదా తెర, ఎస్కేప్ నొక్కితే లోపలి సంగతంతా. నిజానికి విండోస్ 95లో కూడా ఎస్కేప్ నొక్కితే మబ్బుల వెనక డాస్ (విండోస్ కింద నడిచే పాత సిస్టమ్) మెసేజ్‌లు కనిపించేవి, ఆ సౌకర్యం ఎందుకు తీసేశారో!

నా లాప్‌టాప్‌లో లినక్స్‌ని లేపే గ్రబ్ అనే ప్రోగ్రామ్ సెట్టింగ్స్‌లోంచి, అక్షరాలు దాచి లోగో చూపించే క్వైట్, స్ప్లాష్ అనే రెండు మాటలూ తీసేసి అక్షరాలే ఎప్పుడూ కనిపించేలా పెట్టుకున్నాను. అమ్మ వాడేదాంట్లో మాత్రం లోగో అలాగే ఉంచాను, ఆ వరసలు చూస్తే ఏదో పాడైందని కంగారుపడుతుంది.