4.88 గేర్లు వేయించానన్నాడు, ఒక్క వెనకేనని చెప్పలేదు: సెకండ్ హ్యాండ్ జీపు కొనేవాళ్ళు జాగ్రత్త

నాకు జీపు అమ్మిన పెద్దమనిషి నిన్న రాత్రి మన ఫీనిక్స్ గ్రూపులో ఇంకో ర్యాంగ్లర్ జీపు అమ్మకానికి పెట్టాడు. "35 టైర్లు, లిఫ్ట్, రీగేర్డ్, కొనుక్కుని తోలుకోవడమే" అట. అంటే 35 అంగుళాల టైర్లు, ఎత్తు లేపిన బండి, దానికి తగ్గట్టు ఆక్సిళ్ళలో (ఇరుసుల్లో) మార్చిన గేర్లు. చాండ్లర్‌లో జీపున్న తెలుగువాళ్ళకి మనిషెవరో చెప్పక్కర్లేదు, పేరు రాయను. అప్పుడే కింద నలుగురు "ఎంతన్నా?" అని అడిగేశారు. అందుకే నిద్ర మానుకుని ఇది రాస్తున్నా.

నా కథ గబగబా చెప్పేస్తా. 2013 ర్యాంగ్లర్ (జేకే మోడల్), నాలుగు తలుపుల సహారా, ఆటోమేటిక్, 19,500 డాలర్లు. మా ఫ్రెండ్ ఒకడు ఇలాంటి బండికే 35లు బిగించి గేర్లు మార్చకుండా వదిలేశాడు. ఐ-17 మీద ఫ్లాగ్‌స్టాఫ్ ఎక్కుతుంటే ఐదో గేరులో నిలబడదు, నాలుగుకీ మూడుకీ పడుతూ లేస్తూ అరుస్తూ పోతుంది. అది చూశాక, కొంటే గేర్లు మార్చిన బండే కొనాలనుకున్నా. లెక్క కూడా వేసుకున్నా. కంపెనీ ఇచ్చింది 32 అంగుళాల టైరు, 3.73 రేషియో, అంటే చక్రం ఒక చుట్టు తిరగాలంటే ఆక్సిల్‌కి బలం తెచ్చే డ్రైవ్‌షాఫ్ట్ 3.73 చుట్లు తిరగాలి. 35 వేస్తే పాత ఊపు తిరిగి రావడానికే 4.08 కావాలి. టైరు బరువు, లిఫ్ట్ వల్ల గాలి దెబ్బ కూడా కలిపితే 4.56 గానీ 4.88 గానీ. 4.88తో 70 మైళ్ళ వేగంలో ఇంజన్ నిమిషానికి సుమారు 2,700 చుట్లు తిరుగుతుంది, ఆ 3.6 లీటర్ల ఇంజన్‌కి అది హాయి. ఇంత స్ప్రెడ్‌షీట్ వేసిన మహానుభావుణ్ణి, ఆక్సిళ్ళు ముందొకటి, వెనకొకటి ఉంటాయని, రెండిటికీ గేర్లు ఒకటే ఉండాలన్న సంగతి మర్చిపోయాను.

బండి చూడ్డానికి వెళ్ళిన రోజు కాఫీ ఇచ్చాడు. మీదే ఊరు, మాదే ఊరు అన్నీ అయ్యాయి. 202 హైవే మీద తోలి చూశా, బాణంలా పోయింది. స్పీడోమీటరు కూడా కరెక్టు, ఎందుకంటే కంప్యూటర్లో 4.88 అని చక్కగా ప్రోగ్రాం చేసి పెట్టాడు. నాలుగు చక్రాలకీ బలం ఇచ్చే ఫోర్ వీల్ లివర్ మీద చెయ్యి వేశానో లేదో ఆపేశాడు. "తమ్ముడూ, ఎండిన తారు రోడ్డు మీద ఫోర్-హై వెయ్యకూడదు, ట్రాన్స్‌ఫర్ కేసు మీద లోడు పడుద్ది" అన్నాడు. ఫోర్-హై అంటే మామూలు ఫోర్ వీల్, ట్రాన్స్‌ఫర్ కేసు అంటే ముందు వెనక ఆక్సిళ్ళకి బలం పంచే పెట్టె. ఆ మాట అక్షరాలా నిజం. జీపు తెలిసిన ఎవరైనా అదే చెప్తారు. అందుకే ఎంత జాగ్రత్త మనిషో అని మురిసిపోయి సంతకం పెట్టేశా. పక్కనే ఖాళీ మట్టి స్థలం ఉంది. అక్కడ పది అడుగులు వేసి చూద్దామని నా బుర్రకి తట్టలేదు. తనకి మాత్రం తట్టే ఉంటుంది.

మూడు వారాలు ఆఫీసుకి, కాస్ట్‌కోకి తిప్పాను. తర్వాత ఒక శనివారం హైవే 87 దాటి ఫోర్ పీక్స్ దారిలో ఇసుకలోకి దిగాం. బండి ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, ఫోర్-హై వేసి కదిలించా. స్టీరింగ్ చేతిలో కొట్టుకుంటోంది, ముందు చక్రాలు ఇసుకని తవ్వేస్తున్నాయి. కొత్త కదా, ఇసుక అలాగే ఉంటుందేమో అనుకుని ఇంకాస్త తొక్కాను. సీటు కింద ఫట్‌మని మోత. ఆ తర్వాత కదిలిస్తే చాలు కటకటకట. వెనక సీట్లోంచి మావాడు "నాన్నా, జీపు విరిగిందా?" అని అడిగాడు. ఏం చెప్పను?

షాపులో ముందు ఆక్సిల్ మధ్యన గేర్లుండే డిఫరెన్షియల్ కవరు విప్పి, క్రౌన్ అనే పెద్ద పళ్ళచక్రానికి 41 పళ్ళు, పినియన్ అనే చిన్నదానికి 11 అని లెక్కపెట్టి చూపించారు. అంటే 3.73. వెనక 39కి 8, అంటే 4.88. ఫోర్ వీల్ వేసిన ప్రతిసారీ వెనక చక్రం ఒక చుట్టు తిరిగితే ముందుది ఒకటీ పాతిక పైన తిరగాలని గుంజుతుందన్నమాట. ఆ గుంజుడికి ట్రాన్స్‌ఫర్ కేసులో చైన్ సాగి పళ్ళ మీద ఎగురుతోంది.

ఫోన్ చేశా. ఇక్కడే నాకు ఇప్పటికీ మండుతోంది. చెప్పిందంతా విని నవ్వాడండీ. "తమ్ముడూ, 4.88 వేయించానన్నా, వేయించా కదా. రెండిటికీ అని నేను ఎక్కడ అన్నా?" అన్నాడు. అన్నా, మరి ఫోర్ వీల్ ఎలా వాడాలి అంటే, "నేనెప్పుడూ వాడలేదు, నిన్ను వాడమని నేను చెప్పానా?" అని పెట్టేశాడు. ఫోర్ వీల్ వాడకూడని జీపు! ఈత కొట్టకూడని చేప అమ్మినట్టుంది. తర్వాత మెసేజ్ పెడితే నీలం టిక్కులు రెండు, జవాబు సున్నా.

రాత్రి అతనిచ్చిన పాత బిల్లు తీసి చూశా. "4.88 రింగ్ అండ్ పినియన్" (ఆ క్రౌన్, పినియన్ జతే), పక్కనే క్వాంటిటీ 1, అంటే ఒక్క ఆక్సిల్‌కే. కళ్ళెదురుగానే ఉంది. ఆఫీసులో ఎదుటివాడి కోడ్‌లో కామా తేడా పట్టేవాణ్ణి, 19,500 ఇచ్చేటప్పుడు ఒక అంకె చదవలేదు. ప్రైవేట్ అమ్మకం, ఉన్నది ఉన్నట్టు అని సంతకం పెట్టాను కాబట్టి చేసేదేమీ లేదట. ముందు ఆక్సిల్‌కి గేర్లు, ట్రాన్స్‌ఫర్ కేసు పని కలిపి 2,850 డాలర్ల అంచనా చేతిలో పెట్టారు.

కొనేవాళ్ళు ఇది చెయ్యండి, పది నిమిషాల పని. మిగతా చక్రాలకి అడ్డం పెట్టి, ముందువైపు ఒక్క చక్రాన్నే జాకీతో లేపండి. గేరు న్యూట్రల్, లివర్ టూ-హైలో (వెనక చక్రాలకే బలం) ఉండాలి. ఆ చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పి (రెండోవైపు చక్రం కదలదు కాబట్టి రెండు చుట్లు ఒకటి కింద లెక్క), డ్రైవ్‌షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో చూడండి. ఐదుకి కాస్త తక్కువైతే 4.88, మూడుముప్పావు దగ్గర ఆగితే 3.73. వెనకా అలాగే, హ్యాండ్‌బ్రేక్ తీసి. రెండువైపుల చక్రాల్నీ కలిపి తిప్పే లాకర్ గానీ లిమిటెడ్ స్లిప్ గానీ ఉంటే ఈ లెక్క కుదరదు, కవరు విప్పాల్సిందే. వద్దని అమ్మేవాడు అడ్డం పడితే కాఫీ తాగి వచ్చేయండి.

ఆ నలుగురిలో ఇద్దరికి విడిగా మెసేజ్ పెట్టాను. ఒకాయన "అన్న మంచోడే బ్రో, మీరేదో తప్పుగా వాడుంటారు" అన్నాడు. సరే బ్రో.