దర్గామిట్ట మేడ మీది చర్చా తరగతి: మూడు నెలల తర్వాత ఒక తల్లి అభిప్రాయం

నెల్లూరులో ఇంటర్ చదివే పిల్లలకు ఈఏపీసెట్ (పాత ఎంసెట్), నీట్ శిక్షణ ఇచ్చే చోట్లకు కొదవ లేదు. నలుగురి ముందు లేచి నిలబడి, తన అభిప్రాయాన్ని కారణాలతో సహా చెప్పడం నేర్పే చోటు మాత్రం వెతికినా దొరకదు. అందుకే దర్గామిట్టలో ఒక ఇంటి మేడ మీద ప్రతి ఆదివారం సాయంత్రం చర్చా తరగతి జరుగుతోందని మా ఆడపడుచు చెప్పగానే, ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉన్న మా అబ్బాయిని చేర్పించాను. ఇద్దరు విశ్రాంత అధ్యాపకులు నడుపుతున్న ఈ తరగతికి పేరు లేదు, బోర్డు లేదు. నెలకు 600 రూపాయలు తీసుకుంటారు. పిల్లలు పద్దెనిమిది మంది దాకా ఉంటారు, తల్లిదండ్రులు వెనుక వరుసలో కూర్చుని వినవచ్చు.

మూడు నెలల్లో చాలా విషయాల మీద చర్చలు జరిగాయి కానీ, ఓటు వేయడానికి కనీస వయసు ఎంత ఉండాలి అన్న అంశం తీసుకున్న ఆదివారం గురించే ఇక్కడ వివరంగా రాస్తాను. ఈ తరగతి మంచి, లోటు రెండూ ఆ రోజే నాకు స్పష్టంగా కనిపించాయి.

పద్ధతి ఇలా ఉంటుంది. ఒక వారం ముందు రెండు పేజీల సమాచార పత్రం ఇస్తారు. ఏ పక్షాన మాట్లాడాలో చర్చ మొదలవడానికి అరగంట ముందు చీటీ తీసి తేలుస్తారు. ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలు, ఎదుటివారి వాదనకు జవాబు చెప్పడానికి మరో రెండు నిమిషాలు. గడువు ముగిస్తే మేడమ్ గారు స్టీలు గ్లాసు మీద చెంచాతో ఒక్క దెబ్బ కొడతారు. పదహారేళ్లకే ఓటు ఇవ్వాలన్న పక్షం మా వాడికి వచ్చింది. ఇంట్లో వారమంతా పద్దెనిమిదే సరైనదని నాతో వాదించినవాడు, చీటీ విప్పి చూసుకుని నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. తాను నమ్మని మాటను నిజాయితీగా నిలబెట్టడానికి ఎంత చదవాలో ఆ అరగంటలో వాడికి తెలిసివచ్చింది. నా దృష్టిలో ఈ తరగతికి కట్టే రుసుము ఆ ఒక్క చీటీకే చెల్లు.

మన దేశంలో ఓటు వయసు మొదట 21 ఏళ్లు ఉండేదని, 1988 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన 61వ రాజ్యాంగ సవరణతో అది 18కి తగ్గిందని, 1989 మార్చి 28 నుంచి అమల్లోకి వచ్చిందని పిల్లలు తడుముకోకుండా చెప్పారు. ఆస్ట్రియా 2007లో 16 ఏళ్లకు తగ్గించిన సంగతి, బ్రెజిల్‌లో పదహారు, పదిహేడేళ్లవారికి ఓటు ఐచ్ఛికంగా ఉండి పద్దెనిమిది నిండాక తప్పనిసరి అయ్యే సంగతి కూడా వచ్చాయి. అయితే విదేశాల జాబితా చదవడం వాదన కాదని మేడమ్ గారు మధ్యలోనే ఆపి, అక్కడ అలా ఎందుకు చేశారో చెప్పమన్నారు. చాలామంది తడబడ్డారు. ఆ తడబాటు వారికి అవసరమేనని నాకనిపించింది.

మా వాడు తీసుకున్న ప్రధాన వాదన 2015 నాటి బాల నేరస్థుల న్యాయ చట్టం. ఘోరమైన నేరం చేసినట్టు ఆరోపణ ఉంటే పదహారేళ్లు నిండినవారిని పెద్దవారితో సమానంగా విచారించడానికి ఆ చట్టం వీలు కల్పిస్తున్నప్పుడు, శిక్షకు సరిపోయిన వయసు ఓటుకు ఎందుకు సరిపోదని అడిగాడు. చప్పట్లు బాగానే పడ్డాయి. సార్ గారు మాత్రం చప్పట్లు ఆగేదాకా ఉండి, ఆ చట్టం పదహారేళ్లు నిండిన ప్రతి ఒక్కరినీ పెద్దవారిగా లెక్కించదని, ఆ పిల్లవాడికి తాను చేసిన పని పర్యవసానం అర్థమయ్యే స్థితి ఉందా లేదా అని బాలల న్యాయ మండలి ముందుగా అంచనా వేయాలని చెప్పారు. అప్పుడు ఓటుకు కూడా అలాంటి పరీక్ష పెడదామా అని ఆయన తిరిగి అడిగితే, అవతలి పక్షంలోని ఒక అమ్మాయి లేచి, పరీక్ష పెట్టి ఓటు ఇవ్వడం మొదలుపెడితే చదువు రానివారికి మొదట పోతుంది కదా సార్ అంది. తన పక్షానికే నష్టం చేసే మాట అని తెలిసి కూడా అన్నది. ఆ నిజాయితీని మార్కుల్లో గుర్తించారు, అది నాకు ఎంతో నచ్చింది.

ఆ తర్వాత మాట్లాడిన కలిగిరి వైపు అమ్మాయి అందరినీ కట్టిపడేసింది. రెండు వాక్యాలు ఇంగ్లీషులో చెప్పి ఆగిపోయింది. "తెలుగులోనే చెప్పమ్మా" అన్నారు మేడమ్ గారు. "మా అవ్వకి అప్పట్లో సంతకం కూడా రాదు మేడమ్" అని మొదలుపెట్టింది. తమ కలిగిరి మండలంలోని దూబగుంట ఊళ్లో రోసమ్మ, ఆమెతోటి ఆడవాళ్లు రాత్రి బడిలో నాలుగు అక్షరాలు నేర్చుకుని, 1992లో సారా అంగళ్లను మూయించడానికి కదిలిన తీరు చెప్పింది. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం ఆ కదలిక నుంచే వచ్చాయంది. వాళ్లకు రాజకీయం ఏం తెలుసని అప్పుడు అన్నవాళ్లే ఇప్పుడు మమ్మల్ని అదే మాట అంటున్నారని ముగించింది. దీనికి ఎదుటి పక్షం ఇచ్చిన జవాబు కూడా బలమైనదే: ఆ తల్లులకు వివేకం పుస్తకం నుంచి రాలేదు, మొగుడి కూలి డబ్బులు సారాకు పోతుంటే ఇల్లు గడపాల్సిన భారం నుంచి వచ్చింది, పదహారేళ్లవారిలో ఎక్కువమందికి ఆ భారం ఇంకా తెలియదు. ఇంటికి వెళ్లేదాకా నేను ఈ రెండు మాటలనే తూకం వేసుకున్నాను. శాసనసభకూ లోక్‌సభకూ పద్దెనిమిదే ఉండాలి, వీధి దీపమూ మంచినీళ్లూ చూసే పంచాయతీకి మాత్రం పదహారును ప్రయత్నించి చూడవచ్చు అన్న చోట నేను తేలాను. పంచాయతీ ఓటర్ల జాబితాను శాసనసభ జాబితా నుంచే తయారు చేస్తారు కాబట్టి అది తేలికైన మార్పు కాదని తెలిసే ఈ మాట అంటున్నాను.

ఇక లోటు. ఆ రోజు ఇచ్చిన సమాచార పత్రంలో, జనవరి 1 నాటికి పద్దెనిమిది నిండినవారినే ఆ ఏడాది ఓటరుగా నమోదు చేస్తారని ఉంది. అది పాత నిబంధన. 2021లో చట్టాన్ని సవరించారు. 2022 నుంచి జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు నెలల మొదటి తేదీలు నాలుగూ అర్హత తేదీలే. పదిహేడు నిండినవారు కొత్త ఓటరుగా నమోదుకు పెట్టుకునే దరఖాస్తు అయిన ఫారం 6ను ముందుగానే ఇచ్చుకోవచ్చు కూడా. ఓటు వయసు మీద చర్చ పెట్టి, ఆ ఓటు చేతికి ఎప్పుడు వస్తుందో తప్పు చెప్పడం చిన్న పొరపాటు కాదు. పిల్లలు ఆ కాగితాన్ని నమ్మి మాట్లాడతారు, ఇంటికి వెళ్లి అదే చెబుతారు. అలాంటి పత్రాన్ని పంచేముందు ఇద్దరూ విడివిడిగా సరిచూసుకోవాలి. చర్చ ముగిశాక నేను ఈ సంగతి చెబితే సార్ గారు నొచ్చుకోలేదు. మరుసటి ఆదివారం సరిచేసిన పత్రం ఇచ్చి, తప్పు తమదేనని పిల్లల ముందే అన్నారు.

మరో అసంతృప్తి భాష గురించి. తెలుగులో మాట్లాడనిస్తారు నిజమే కానీ, అడిగితేనో ఆగిపోతేనో మాత్రమే. సమాచార పత్రం పూర్తిగా ఇంగ్లీషులోనే ఉంటుంది. కలిగిరి అమ్మాయి మొదటి వాక్యం నుంచే తెలుగులో మాట్లాడి ఉంటే ఆమె నాలుగు నిమిషాల్లో ఒక నిమిషం వృథా అయ్యేది కాదు. పత్రం రెండు భాషల్లోనూ ఇవ్వమని కోరాను, ఇంకా ఇవ్వలేదు. మేడ మెట్లు ఇరుకుగా ఉన్నాయి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవారు గమనించగలరు.

పదిహేనేళ్లు దాటిన పిల్లలున్నవారు ఒక్క నెల పంపి చూడమని నేను గట్టిగా చెబుతాను. సాయంత్రం నాలుగున్నరకు మొదలై ఆరున్నరకు ముగుస్తుంది. సరిచేసిన పత్రం చేతికి వచ్చిన రోజున, వచ్చే మే నెలలో పద్దెనిమిది నిండే ఒక అమ్మాయి తన పేరు మళ్లీ జనవరి దాకా ఆగనక్కర్లేదని, జులై 1 అర్హత తేదీకే వస్తుందని వేళ్ల మీద లెక్కపెట్టుకుని, ఫారం 6కి ఏ కాగితాలు కావాలని మెట్లు దిగుతూ నన్ను అడిగింది.