వేలిముద్రతో తెరుచుకునే గన్ సేఫ్: ఎనిమిది నెలలు వాడాక

మేముండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో. రెండేళ్ల కిందట మా వీధిలో రెండు తెలుగు ఇళ్లలో వరసగా దొంగలు పడ్డారు. మనవాళ్ల ఇళ్లలో బంగారం ఉంటుందని వాళ్లకీ తెలుసు. అప్పటినుంచి మా వారికి రాత్రి చిన్న చప్పుడైనా మెలకువే. గ్రీన్ కార్డ్ వచ్చాక ఒక హ్యాండ్‌గన్ కొన్నారు. నాకు ఇష్టం లేదు, కాదనడానికి ధైర్యమూ చాల్లేదు. ఇంట్లో ఉంటే తాళంలోనే ఉండాలని ఒక్క షరతు పెట్టాను. అలా వచ్చింది ఈ సేఫ్.

కంపెనీ పేరు రాయను. ఈ రకం సేఫ్‌లు ఆన్‌లైన్‌లో బోలెడు ఉన్నాయి, చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి. ధర 62 డాలర్లు. టెక్సస్‌లో వీటికి సేల్స్ టాక్స్ లేదు. మంచం పక్క సొరుగులో పట్టేంత సైజు. రేకు గట్టిదే, మూత చప్పుడు లేకుండా తెరుచుకుంటుంది, బ్యాటరీలు ఆరు నెలలు వచ్చాయి. డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాసి ఉన్నది మాత్రం ఒకటే: ఒక్క సెకనులో తెరుచుకుంటుంది.

ఇక లోపాలు. మొదటి రోజు మా వారు తన వేలిముద్ర నమోదు చేశారు, లైటు పచ్చగా వెలిగింది, అయిపోయిందనుకున్నాం. సాయంత్రం ఊరికే నా వేలు పెట్టి చూశాను. తెరుచుకుంది! నా ముద్ర అందులో లేనే లేదు. మళ్లీ మొదటినుంచి నమోదు చేస్తే గానీ సరిగ్గా పనిచేయలేదు. 2023లో అమెరికాలో ఒక కంపెనీ ఇలాంటి లోపంతోనే సుమారు 61 వేల సేఫ్‌లను వెనక్కి పిలిచింది. వాటిలో ఒకదాంట్లోంచి తీసిన గన్‌తో 12 ఏళ్ల బాబు చనిపోయాడని కోర్టులో కేసు కూడా పడింది. మీ ఇంట్లో వేలిముద్ర సేఫ్ ఉంటే ఈ రోజే ఇంట్లో అందరి వేళ్లూ పెట్టి చూడండి.

రెండోది, తాళంచెవి. వేలు పని చేయకపోతే తెరవడానికి రెండు తాళంచెవులు ఇస్తారు. మా వారు ఒకటి అదే సొరుగులో, పాత వాచీ డబ్బాలో పెట్టారు. అది అక్కడుందని మా అబ్బాయికి తెలుసని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. పైగా మేం సేఫ్‌ని గోడకి బిగించలేదు. చంకలో పెట్టుకుని పక్క గదిలోకి తీసుకెళ్లిపోవచ్చు.

ఇవన్నీ నాకు పట్టించింది మా అబ్బాయిని చూసే పిల్లల డాక్టరమ్మ. వాడికి 15 ఏళ్లు. ఏడాదికోసారి జరిగే చెకప్‌లో, ఇంట్లో గన్ ఉందా అని అడిగారు. ఉంది, సేఫ్‌లో ఉంది అన్నాను కాస్త గర్వంగానే. "ఎవరెవరు తెరవగలరు?" అన్నారు. నాకు జవాబు రాలేదు. అప్పటిదాకా నేను ఆలోచించింది బయటినుంచి వచ్చే దొంగ గురించే.

ఆ రాత్రి నిద్ర పట్టక చదువుతూ కూర్చున్నాను. 2022లో అమెరికాలో తుపాకులతో పోయిన ప్రాణాలు 48 వేల పైన. అందులో 27 వేలు ఆత్మహత్యలే. కాలిఫోర్నియాలో 2 కోట్ల 63 లక్షల మంది వివరాలు పన్నెండేళ్లపాటు చూసిన ఒక అధ్యయనం 2020లో వచ్చింది. హ్యాండ్‌గన్ ఉన్న మగవాళ్లు గన్‌తో ఆత్మహత్య చేసుకోవడం, లేనివాళ్లతో పోలిస్తే 8 రెట్లు ఎక్కువ. ఆడవాళ్లలో 35 రెట్లు. ఆ రెండో అంకె దగ్గర చాలాసేపు ఆగిపోయాను. మన హ్యూస్టన్‌లోనే చేసిన ఇంకో పరిశోధన ఉంది. ప్రాణం తీసుకోబోయి బతికిన 13 నుంచి 34 ఏళ్ల వాళ్లని 153 మందిని అడిగారు. నిర్ణయానికీ ప్రయత్నానికీ మధ్య ఐదు నిమిషాలు కూడా గడవలేదని దాదాపు నలుగురిలో ఒకరు చెప్పారు. ఐదు నిమిషాలు. మా సేఫ్ తెరుచుకోవడానికి ఒక్క సెకను చాలు.

మాది నరసరావుపేట దగ్గర పల్లెటూరు, మిరప, పత్తి పండే నేల. మా చిన్నప్పుడు పక్కింటి చిన్నాన్న ఇంట్లో గొడవపడి, ఆ కోపంలో పురుగుమందు తాగాడు. డబ్బా వసారాలోనే ఉంది మరి, పొద్దున చేలో కొట్టాల్సింది. గుంటూరు ఆస్పత్రిలో ఇరవై రోజులు మృత్యువుతో పోరాడి బతికాడు. ఇప్పుడు మనవరాలిని బడికి దింపుతున్నాడు. మళ్లీ ఎన్నడూ ఆ మాటెత్తలేదు. అలా బతికి బయటపడ్డవాళ్లలో పదిమందికి తొమ్మిదిమంది ఆ తర్వాత ఆత్మహత్యతో చనిపోరని పరిశోధకులు చెబుతారు. గన్‌తో అయితే ఆస్పత్రిదాకా చేరేవాళ్లే బాగా తక్కువ. అందుకే ఆ కాసేపు అది చేతికి అందకుండా ఉండటం అంత ముఖ్యం.

శ్రీలంకలో 180 ఊళ్లలో పెద్ద ప్రయోగం చేశారు. సగం ఊళ్లలో ఇంటింటికీ పురుగుమందు దాచుకోవడానికి తాళం పెట్టెలు ఇచ్చారు. 2017లో ఫలితం వచ్చింది, పెట్టెల వల్ల తేడా కనిపించలేదు. అక్కడ మరణాలు బాగా తగ్గింది మరీ ప్రమాదకరమైన మందుల్ని నిషేధించినందువల్ల. నాకనిపించింది ఏంటంటే, పెట్టె ఉన్న ఇంట్లోనే తాళంచెవీ ఉంటుంది కదా. మా వాచీ డబ్బా లాగా.

కిందటి అక్టోబర్‌లో మా వారి ఉద్యోగం పోయింది. మూడు వారాలు సరిగ్గా తినలేదు, రాత్రి రెండింటికి లేచి సోఫాలో కూర్చునేవారు. ఆ సేఫ్ ఆయన వేలికే తెరుచుకుంటుంది. "ఏమండీ, కొన్నాళ్లు దాన్ని అన్నయ్య దగ్గర పెడదాం" అన్నాను. "నా గురించి అలా అనుకుంటున్నావా?" అని బాధపడ్డారు. నాకు ఏడుపు ఆగలేదు. "దొంగొస్తే బంగారం పట్టుకుపోనివ్వండి, నాకు మీరు కావాలి" అన్నాను.

ఆయన మనసు మార్చింది మాత్రం నా ఏడుపు కాదు. న్యూ హాంప్‌షైర్‌లో 2009లో ఒకే గన్ షాపులో వారం లోపల ముగ్గురు వేరువేరుగా గన్‌లు కొని, కొన్న గంటల్లోనే ప్రాణాలు తీసుకున్నారు. కదిలిపోయిన ఆ షాపు యజమాని ఆరోగ్య రంగంవాళ్లతో చేతులు కలిపారు. కష్టంలో ఉన్న మనిషి ఇంట్లోంచి గన్‌ని కొన్నాళ్లు బయట పెట్టించండని గన్ షాపులవాళ్లే పోస్టర్లు అంటించారు. ఇది చదివి వినిపించాను. మర్నాడు ఆయనే అన్నయ్యకి ఫోన్ చేశారు. అన్నయ్య సిటిజన్, వాళ్లింట్లో పిల్లలూ లేరు. హెచ్1బీ మీద ఉన్న స్నేహితుల దగ్గర మాత్రం దాచకండి, గన్ దగ్గర ఉంచుకుంటే మామూలుగా వాళ్లకి చట్టం ఒప్పుకోదు.

ఫిబ్రవరిలో కొత్త ఉద్యోగం వచ్చింది, ఆయన మళ్లీ నవ్వుతున్నారు. గన్ మాత్రం వెంటనే తెచ్చుకోలేదు. ముందు 180 డాలర్లు పెట్టి బటన్లు నొక్కి తెరిచే ఇంకో పెట్టె కొన్నాం. బ్యాటరీ లేదు, తాళంచెవి లేదు, క్లోజెట్ గోడకి నాలుగు బోల్టులతో బిగించాం. కోడ్ మా వారికే తెలుసు. గన్‌లో బుల్లెట్లు ఉండవు. బుల్లెట్లు వేరే గదిలో వేరే పెట్టెలో, దాని తాళంచెవి నా ఆఫీసు డెస్క్‌లో. గన్ ఖాళీగా, తాళంలో ఉంచి, బుల్లెట్లకీ విడిగా తాళం వేసిన ఇళ్లలో పిల్లలకి ప్రమాదం తగ్గుతుందని 2005లోనే ఒక పరిశోధన తేల్చింది. అర్ధరాత్రి దొంగొస్తే ఇదంతా ఉపయోగపడదు, నిజమే. దానికి అలారం పెట్టించాం, బంగారం బ్యాంకు లాకర్‌లో పెట్టాం. ఆ పని మొదటే చేయాల్సింది.

రేటింగ్ అడిగితే, వేలిముద్ర సేఫ్‌కి 5కి 2. టీనేజ్ పిల్లలున్న ఇంటికి నేను చెప్పను. ఇంట్లో ఎవరైనా దిగులుగా ఉంటే ఏ సేఫూ చాలదు, గన్ గడప దాటాలి. డబ్బులు లేవని ఆగకండి, చాలా ఊళ్ల పోలీసు స్టేషన్లలో గన్‌కి వేసే తీగ తాళం (కేబుల్ లాక్) ఉచితంగా ఇస్తారు. మాట్లాడటానికి మనిషి కావాలంటే అమెరికాలో 988కి, ఇండియాలో టెలి మానస్ 14416కి ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, 14416లో తెలుగులో మాట్లాడతారు.

పాత సేఫ్ పారేయలేదు. పాస్‌పోర్టులు, కారు కాగితాలు పెట్టుకున్నాం. ఇప్పుడు అందులో మా నలుగురి వేలిముద్రలూ ఉన్నాయి.