లాప్‌టాప్ ఆన్ అవ్వట్లేదా? "బోర్డు పోయింది" అనగానే అడ్వాన్సు ఇచ్చెయ్యకండి (బరంపురంలో నాకు తగిలిన దెబ్బ)

ఒడిశాలో పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం, రాయగడ, బరంపురం వైపున్న మనవాళ్ళందరికీ చెప్తున్నాను, చచ్చిపోయిన లాప్‌టాప్ పట్టుకుని బస్సెక్కేముందు ఇది ఒకసారి చదవండి. షాపు పేరు రాయట్లేదు, ఎందుకంటే నా దగ్గర బిల్లు లేదు. బిల్లు ఎందుకు లేదో కిందన చెప్తాను, అది నా బుద్ధితక్కువ.

నాది పర్లాకిమిడిలో చిన్న జెరాక్స్, డీటీపీ షాపు. ఆన్‌లైన్ ఫారాలు నింపడం, పెళ్ళి కార్డులు కొట్టడం, ఇదే పని. మన దగ్గర కార్డంటే ఒక పక్క తెలుగు, ఒక పక్క ఒడియా ఉండాలి కదా, పిల్లది కాశీనగర్ అయితే పిల్లోడు పాతపట్నం అవతల, రెండు లిపుల్లోనూ తాతల పేర్లు తప్పు పడకూడదు. ఆ ఫైళ్ళన్నీ ఒక్క లాప్‌టాప్‌లోనే ఉన్నాయి. బ్యాటరీ ఎప్పుడో పోయింది, ఏడాదిగా చార్జర్ మీదే నడుపుతున్నాను.

ఏప్రిల్లో ఒక సాయంత్రం కాలబైశాఖి గాలి లేచింది, కరెంటు పోయింది, వచ్చింది, మళ్ళీ పోయింది, మూడోసారి వచ్చినప్పుడు ట్యూబులైటు ఒక్కసారి తెల్లగా మెరిసి మామూలైపోయింది. మర్నాడు పొద్దున్న బటన్ నొక్కితే ఏటీ లేదు, ఫ్యాను లేదు, లైటు లేదు, ఇటికరాయికి బటన్ పెట్టినట్టు ఉంది. చార్జర్ మీద చిన్న పచ్చలైటు మాత్రం వెలుగుతోంది, అమ్మయ్య చార్జర్ బతికే ఉంది అనుకుని పిన్ను లాప్‌టాప్‌లో గుచ్చాను, గుచ్చడం గుచ్చడం ఆ పచ్చలైటు ఆరిపోయింది. పిన్ను తీసేస్తే కూడా రాలేదు. గోడ ప్లగ్గు పీకి కాసేపాగి మళ్ళీ పెడితే వెలిగింది, మళ్ళీ గుచ్చితే మళ్ళీ ఆరింది.

ఈ ఒక్క గుర్తుకి అర్థం ఆరోజు నాకు తెలిసుంటే ఇంత కథ లేదు. లాప్‌టాప్ లోపల కరెంటు వచ్చే దారిలో ఎక్కడో షార్ట్ ఉంటే చార్జర్ తనని తాను కాపాడుకోడానికి ఆగిపోద్దట. నేనేమో చార్జరే పాడైందనుకుని 1,100 పెట్టి కొత్తది కొన్నాను. అదీ ఆరిపోయింది. ఒకటి కాదు రెండు చార్జర్లూ ఆరిపోతుంటే లోపం లాప్‌టాప్‌లోనే ఉందని తెలియడానికి ఇంజినీరింగ్ చదవక్కర్లేదు, కానీ ముహూర్తాలు మీద పడుతుంటే బుర్ర పనిచెయ్యదు.

మర్నాడే పాతపట్నం, టెక్కలి, పలాస, ఇచ్ఛాపురం మీదుగా బరంపురం పోయాను. ఎవరో చెప్పిన షాపు, అద్దాల తలుపు, ఏసీ, లోపల ఇద్దరు కుర్రాళ్ళు యూనిఫాం టీషర్టుల్లో. చెకింగ్ చార్జీ 300 అన్నారు, ఇచ్చాను. కుర్రాడు లోపలికి పట్టుకెళ్ళి పది నిమిషాలకే వచ్చేసి ఒడియాలో "బోర్డు ఖరాప్ హోయిగలా" (మదర్‌బోర్డు పాడైపోయింది) అన్నాడు, నా మొహం చూసి తెలుగులో "ప్రాసెసర్ ఎగిరిపోయింది అన్నా, బోర్డు మార్చాలి, 11,500" అన్నాడు. లోపల ఏం చూశాడో నేను చూళ్ళేదు. అడగలేదు కూడా. పైగా డేటా పోద్దేమోనని భయపెట్టి, 5,000 అడ్వాన్సు ఇస్తే వారంలో ఇచ్చేస్తాం అన్నారు. ఫోన్‌పే కొట్టాను. రసీదు అడిగితే విజిటింగ్ కార్డు వెనక ఒక నంబరు రాసి చేతిలో పెట్టారు, నేనూ జేబులో పెట్టుకుని వచ్చేశాను. చూశారా, నేను రోజూ జనానికి రసీదులు ప్రింటు తీసిచ్చేవాణ్ణి!

తర్వాత రోజూ ఫోను. బోర్డు కలకత్తా నుంచి వస్తోంది, వచ్చింది కానీ మోడల్ తప్పు, మేస్త్రీ సెలవు, రేపు పక్కా. ఈలోపు ముగ్గురి కార్డులు నేను జ్ఞాపకం మీద మళ్ళీ టైపు చేసి పక్క షాపులో కొట్టించి ఇచ్చాను, ఒకదాంట్లో మేనమామ పేరు తప్పు పడింది, ఆ మాటలు నేను ఇక్కడ రాయలేను. 22వ రోజు చెప్పకుండా వెళ్ళి కూర్చున్నాను. లోపల్నుంచి నా లాప్‌టాప్‌ని పాలిథీన్ కవర్లో తెచ్చారు, కింది మూత విడిగా, స్క్రూలు ఇంకో చిన్న కవర్లో. 5,000లో 2,000 వెనక్కిచ్చారు, మిగతా 3,000 లేబరు అట. చెయ్యని పనికి లేబరు ఏటి బాబూ అంటే "టైము పట్టింది కదా" అన్నాడు. నిజమే, నా టైము పట్టింది.

మా తోడల్లుడి తమ్ముడికి తెలిసిన ఒకాయన శ్రీకాకుళంలో ఒక గదిలో ఇదే పని చేస్తాడు, పేరు బోర్డు కూడా లేదు గుమ్మానికి. నన్ను పక్కనే స్టూలు మీద కూర్చోబెట్టి చూపించాడు. ముందు మల్టీమీటరుని బీప్ మీద పెట్టి (షార్ట్ ఉంటే మోగుద్ది) చార్జింగ్ జాక్ దగ్గర రెండు ముళ్ళు ఆనించాడు, కుయ్ మని మోగింది. అక్కడ మోగకూడదట. కానీ ఆ లైను మీద కెపాసిటర్లు, అంటే కరెంటుని నిలకడగా ఉంచే చిన్న ముక్కలు, నాలుగైదు ఉంటాయి, ఒక్కటి పోయినా అన్నీ మోగుతాయి, ఏది పోయిందో మీటరు చెప్పదు. అందుకని సప్లై బాక్సులోంచి 1 వోల్టు ఇచ్చి, ఆ చుట్టూ ఐసోప్రొపైల్ ఆల్కహాల్ బ్రష్షుతో రాశాడు. బోర్డంతా తడిగా ఉంది, ఒక్కచోట మాత్రం చూస్తుండగానే ఆరిపోయింది. నువ్వుగింజంత ఉంది ఆ కెపాసిటర్. షార్టైంది వేడెక్కుద్ది, వేడెక్కిన చోట తడి ముందు ఆరుద్ది, అంతే. దాన్ని పీకేసి పాత బోర్డులోంచి ఒకటి తీసి అతికించి మీటరు పెడితే మోగలేదు, చార్జర్ గుచ్చితే పచ్చలైటు ఆరలేదు, బటన్ నొక్కితే ఫ్యాను తిరిగింది. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, సిగ్గేం లేదు చెప్పడానికి. 1,500 తీసుకున్నాడు, బిల్లు రాసిచ్చాడు. ఆ సాయంత్రం కరెంటు వల్ల పోయిందా అంటే కావచ్చు, వయసు మీరి కూడా పోతాయి, ఒట్టేసి చెప్పలేను అన్నాడు. ఆ మాటకే నాకు నమ్మకం కుదిరింది.

అసలు సంగతి ఇప్పుడు. ప్రాసెసర్ చుట్టూ గోధుమరంగు జిగురు పేరుకుని ఉంది, టంకం వేసేటప్పుడు రాసే ఫ్లక్స్ అంటారు, అంటే బరంపురంలో హాట్ ఎయిర్ పెట్టి అక్కడ కాల్చారు. చెడిందేమో జాక్ పక్కన, వీళ్ళు కాల్చింది ఇంకో మూల. ఇంకాసేపు కాల్చుంటే 1,500తో అయిపోయే బోర్డు నిజంగానే ఖరాప్ అయ్యేది. విండోస్ వచ్చాక చూస్తే ర్యామ్ 8 జీబీ చూపిస్తోంది. నేను నా చేత్తో 8, 8 రెండు ముక్కలు వేసుకున్నాను. ఒక స్లాటు ఖాళీ. షాపుకి ఫోను చేస్తే "మీరు ఒకటే ఇచ్చారు అన్నా". ఫోటో ఉందా నా దగ్గర? లేదు.

అందుకని ఇస్తే ఇలాగ ఇవ్వండి. ఇంట్లో ముందు చార్జర్ పీకి, బ్యాటరీ ఊడేదైతే ఊడదీసి, పవర్ బటన్ 30 సెకన్లు నొక్కి పట్టుకుని, చార్జర్ ఒక్కటే పెట్టి చూడండి, కొన్నిసార్లు దీంతోనే లేస్తుంది. చార్జర్ మీద 19.5 వోల్టులు అని రాసుంటే మీటరులో సుమారు అంత రావాలి, కానీ టైప్-సి చార్జర్ అయితే ఊరికే కొలిస్తే ఏమీ చూపించకపోవచ్చు, లేదా 5 వోల్టులే చూపించొచ్చు, లాప్‌టాప్‌తో మాట్లాడుకున్నాకే 20కి ఎక్కుతుంది, అది చూసి పాడైందనుకోకండి. ఫ్యాను తిరుగుతూ, క్యాప్స్ లాక్ లైటు వెలుగుతూ తెర మాత్రం నల్లగా ఉంటే అది వేరే జబ్బు, హెచ్‌డీఎంఐ వైరు టీవీకి పెట్టి చూడండి, ర్యామ్ తీసి మళ్ళీ గుచ్చండి.

అన్నిటికన్నా ముందు డేటా భయం వదిలెయ్యండి, నన్ను ముంచింది అదే. చాలా మోడళ్ళలో ఫైళ్ళు బోర్డులో ఉండవు, ఎస్ఎస్‌డీ అనే విడి డిస్కులో ఉంటాయి, అది చూయింగ్ గమ్ ముక్కంత పట్టీ, ఒక్క స్క్రూ. తీసి యూఎస్‌బీ డబ్బాలో పెట్టి ఇంకో కంప్యూటర్‌కి తగిలిస్తే నా కార్డులన్నీ ఆ రోజే వచ్చేవి. బిట్‌లాకర్ (విండోస్ డిస్కుకి వేసే తాళం) ఆన్‌లో ఉంటే మాత్రం 48 అంకెల కీ అడుగుతుంది, అది మామూలుగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్లో ఉంటుంది, ఇప్పుడే చూసి రాసిపెట్టుకోండి. బోర్డు మార్చినా ఇదే కీ అడుగుతుంది. ఎస్ఎస్‌డీ ఇంట్లో పెట్టి లాప్‌టాప్ మాత్రం ఇవ్వండి, ఆన్ అవుతుందో లేదో చూడ్డానికి వాళ్ళకి మీ ఫైళ్ళు అక్కర్లేదు. మూత తీయించి ర్యామ్ మీద స్టిక్కర్ నంబర్లు వాళ్ళ ముందే ఫోటో తియ్యండి. బోర్డు పోయింది అంటే ఎక్కడ షార్టుందో మీటరు పెట్టి చూపించమనండి. చూపించనంటే మూత బిగించుకుని వచ్చెయ్యండి, 300 పోతే పోయింది.

నేను 1915కి ఫోన్ చేశాను, వినియోగదారుల హెల్ప్‌లైను, తెలుగులోనే మాట్లాడారు, కంప్లయింటు నంబరు ఇచ్చారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బరంపురం తిరగక్కర్లేదు, మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్లోనే కేసు వెయ్యొచ్చు, మనం కట్టిన సొమ్ము 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, రెండేళ్ళలోపు వెయ్యాలి. నా దగ్గరున్న రుజువల్లా ఫోన్‌పే ఎంట్రీలు, విజిటింగ్ కార్డు వెనక బాల్‌పెన్నుతో రాసిన ఒక నంబరు. వేస్తాను, శ్రావణం పెళ్ళిళ్ళ ఆర్డర్లు ఒక గట్టెక్కాక.

కింది మూతకి రెండు స్క్రూలు ఇంకా లేవు, ఆ చిన్న కవర్లో కూడా లేవు. ప్రస్తుతానికి టేపేసి నడుపుతున్నాను. పాత లాప్‌టాప్ స్క్రూలు ఎవరి దగ్గరన్నా పడుంటే కిందన చెప్పండి, కొరియర్ ఖర్చు నాదే.