హైదరాబాద్ నుంచి డల్లాస్, వయా దుబాయ్: ఏళ్ల తరబడి తిరిగాక నా మాట

హైదరాబాద్ నుంచి డల్లాస్‌కి ఎంతసేపు పడుతుందని నెట్‌లో వెతికితే ఒక లెక్క వస్తుంది. దూరం సుమారు 14,400 కిలోమీటర్లు, గంటకు 900 చొప్పున 16 గంటలు. ఈ రెండు ఊళ్ల మధ్య నేరుగా వెళ్లే విమానమే లేనప్పుడు ఆ అంకెతో మనకేం పని? అమ్మానాన్నలను తీసుకురావడానికీ దింపడానికీ చాలా ఏళ్లుగా ఈ దారిలో తిరుగుతున్నాను. టికెట్ కొనేటప్పుడు చూడాల్సింది కిలోమీటర్లు కాదు, మధ్యలో ఎక్కడ ఆగుతాం, ఎంతసేపు ఆగుతాం అన్నది.

దుబాయ్ మీదుగా అంటే చుట్టు తిరుగుడు అనుకుంటారు గానీ, అంతేం కాదు. శంషాబాద్ నుంచి దుబాయ్ సుమారు 2,550 కిలోమీటర్లు, అక్కడి నుంచి డల్లాస్ 12,900. అంటే అదనంగా పడేది వెయ్యి పైచిలుకే. మొదటి విమానంలో నాలుగు గంటలు ఇట్టే గడిచిపోతాయి. కష్టమంతా రెండోదాంట్లోని 16 గంటలదే. పన్నెండో గంట దాటాక నిద్ర రాదు, సినిమా చూడబుద్ధి కాదు, అమ్మ కాళ్లు చెప్పుల్లో పట్టనంతగా వాస్తాయి. అందుకే ఇద్దరికీ ఐల్ సీట్లే తీసుకుంటాను, గంటకోసారి లేపి నాలుగడుగులు వేయిస్తాను.

న్యూయార్క్‌లోనో షికాగోలోనో మారే టికెట్ ఒక్కోసారి చవగ్గా దొరుకుతుంది. పెద్దవాళ్లు ఒంటరిగా వస్తుంటే మాత్రం వద్దంటాను. అమెరికాలో మొదట దిగిన చోటే ఇమిగ్రేషన్. బ్యాగులు కూడా అక్కడే తీసుకుని, కస్టమ్స్ దాటించి, మళ్లీ వేయాలి. ఇంగ్లిష్ అంతగా రానివాళ్లకి అదెంత టెన్షనో! దుబాయ్ మీదుగా ఒకే టికెట్ మీద వస్తే శంషాబాద్‌లో వేసిన ఆవకాయ బ్యాగు డల్లాస్‌లోనే చేతికొస్తుంది. ఇమిగ్రేషన్ దాటి బయటికొస్తే పిల్లలు ఎదురుగా ఉంటారు. నా దృష్టిలో ఈ రూట్‌కి ఇదే పెద్ద ప్లస్. ఐదుకి నాలుగు మార్కులు ఇస్తాను, ఆ ఒక్కటీ 16 గంటల కూర్చోవడానికి కోత.

దుబాయ్‌లో గ్యాప్ మూడు గంటలకు తగ్గనివ్వకండి. మా బంధువులకి ఒక ఏజెంట్ గంటన్నర గ్యాప్‌తో టికెట్ అంటగట్టాడు. మొదటి విమానం లేటవడంతో రెండోది దాటిపోయింది, షుగర్ మందులేమో చెకిన్ బ్యాగులో ఉండిపోయాయి. మందులు చేతి సంచిలోనే పెట్టుకోండి.

విజయవాడ వాళ్లు ఇంకా లెక్క కలుపుకోవాలి. శంషాబాద్‌కి కారులో ఐదు గంటలు, ఎయిర్‌పోర్టులో మూడు, దుబాయ్‌లో మూడు, డల్లాస్‌లో బయటపడేసరికి ఇంకో రెండు. గాల్లో ఉండేది 20 గంటలే అయినా గడప నుంచి గడపకి 33.

డల్లాస్ నుంచి తిరిగి హైదరాబాద్ వచ్చేటప్పుడు ఎత్తులో పడమటి నుంచి వీచే జెట్ స్ట్రీమ్ గాలి వెనక నుంచి తోస్తుంది కాబట్టి దుబాయ్ దాకా ఉండే ఆ పొడవాటి ప్రయాణంలో గంట, గంటన్నర కలిసొస్తుంది. అయితే తేదీ విషయంలో జాగ్రత్త. చలికాలంలో డల్లాస్ మనకంటే పదకొండున్నర గంటలు వెనక. శనివారం మధ్యాహ్నం అక్కడ ఎక్కితే హైదరాబాద్‌లో దిగేసరికి సోమవారం తెల్లవారుజాము అవుతుంది. ఊళ్లో ఆదివారం ముహూర్తం ఉంటే గురువారమే బయల్దేరండి.